పెరటి కంచె తగువు: ఆ అడుగున్నర ఎవరిది?

మీరిద్దరూ పట్టుబట్టి కూర్చున్న ఆ అడుగున్నర గురించి ప్రభుత్వ రికార్డులో నేరుగా ఎక్కడా రాసి ఉండదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, "ఎఫ్-లైన్‌కి అర్జీ పెడితే తేలిపోతుంది కదా" అని మీరు రెండు చోట్ల రాశారు. ఎఫ్-లైన్ అంటే సర్కారు సర్వేయరు వచ్చి హద్దు కొలిచి చూపించడం. అర్జీ పెట్టండి, వద్దనను. కానీ అది తేల్చేది ఒకటి, మీకు కావలసింది ఇంకొకటి.

తరవాత చదివేవాళ్ళకి అందడానికి మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పశ్చిమ గోదావరిలో ఒక పెద్ద పంచాయతీ, 1986 నాటి లేఅవుట్. పక్కపక్కనే రెండు 40×60 ప్లాట్లు. మీ నాన్నగారు, పక్కింటి మాస్టారు కలిసి మధ్యలో గోరింట కంచె నాటుకున్నారు, వెనక పెరట్లో కంచె వరసలోనే ఒక కొబ్బరిచెట్టు ఉంది. ఇప్పుడు ఇద్దరు పెద్దలూ లేరు. మాస్టారి అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చి ప్రహరీ కడతానని ప్రైవేటు సర్వేయరుతో కొలిపించారు. కంచె తమ స్థలంలోకి అడుగున్నర జరిగి ఉందన్నారు. మీరు ఊళ్ళో లేనప్పుడు వెనక సగం కంచె పీకించి తాడు లాగారు. పోలీసు కేసు పెట్టొచ్చా, పన్నెండేళ్ళు దాటింది కాబట్టి స్థలం నాదే కదా, కొబ్బరిచెట్టు సంగతేమిటి అని మీరు అడిగారు.

నా సంగతి: సర్వే శాఖలో గొలుసు రోజుల నుంచి టోటల్ స్టేషన్ (దూరం, కోణం కొలిచే ఎలక్ట్రానిక్ పరికరం) రోజుల దాకా పనిచేశాను. రిటైరయ్యాక స్థలం చూసి రిపోర్టు ఇమ్మని కోర్టు వేసే అడ్వొకేట్ కమిషనర్లకి కొలతల్లో సాయపడుతున్నాను. వకీలుని కాను. చట్టం గురించి నేను చెప్పేది చదివీ, కోర్టు వరండాల్లో వినీ తెలుసుకున్నది. మీ కాగితాలు ఒక మంచి సివిల్ వకీలు చూశాకే అడుగు వెయ్యండి.

ముందు సర్వే గురించి. కోస్తా గ్రామాల కొలతల పుస్తకం, అదే ఎఫ్ఎంబీ, గొలుసుతో కొలిచి తయారుచేసింది. గుంటర్ గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఒక్కో లింకు 7.92 అంగుళాలు. పొలాన్ని త్రిభుజాలుగా చీల్చి, కర్ణం మీద నుంచి పక్కకి లంబంగా కొలతలు, అంటే ఆఫ్‌సెట్లు తీసి, ఆ చుక్కలు కలిపి హద్దు గీసేవారు. పాత పుస్తకాల్లో ఈ కొలతలన్నీ లింకుల్లోనే ఉంటాయి. అంటే ఆ పుస్తకంలో అతి చిన్న మెట్టే దాదాపు ఎనిమిది అంగుళాలు. ఎకరాల పొలానికి అది చాలా మంచి లెక్క, ఇప్పటికీ నాకు దానిమీద గౌరవమే. పెరట్లో అరడుగు దగ్గర మాత్రం ఆ పుస్తకం చూపు ఆనదు. ఇప్పుడు రోవరు తెచ్చి ఉపగ్రహాల సాయంతో సెంటీమీటర్ల లెక్కన చుక్క పెడుతున్నారు. పరికరం ఎంత సన్నగా చూసినా, దాన్ని పోల్చి చూసే రికార్డు లింకులదే కదా.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఎఫ్ఎంబీలో ఉండేవి సర్వే నంబరు హద్దులూ, సబ్‌డివిజన్ హద్దులూ. 1986లో ఎవరో రైతు తన చెక్కని ప్లాట్లు వేసి అమ్మితే, ఆ ప్లాట్ల మధ్య గీతలు ఎఫ్ఎంబీకి ఎక్కలేదు. సర్వేయరు వచ్చి మొత్తం సర్వే నంబరు నాలుగు మూలలూ చూపించగలడు. మీ ప్లాటుకీ ఆయన ప్లాటుకీ మధ్య గీత చూపించమంటే, "నా దగ్గర లేదండీ, లేఅవుట్ నకలు తెండి" అంటాడు. అది బద్ధకం కాదు, ఆయన పరిధి అంతే. గ్రామకంఠంలో, అంటే ఊరి పాత నివాస స్థలంలో, ఇళ్ళున్నవాళ్ళకి ఇంకా కష్టం. మొత్తం ఊరికి కలిపి ఒకే నంబరు, లోపల ఎవరి జాగా ఎంతో రికార్డే లేదు. 2020లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ డ్రోన్ సర్వే ఈ లోటు పూడ్చడానికే. మీది లేఅవుట్ కాబట్టి మీకు ఆ బాధ లేదు.

తెలంగాణ మిత్రులకి: మీ పాత గ్రామాల్లో ఎఫ్ఎంబీ స్థానంలో టిప్పన్ (కొలతల బొమ్మ), సేత్వార్ (సర్వే నంబర్ల విస్తీర్ణాల పట్టిక) ఉంటాయి. సెంట్ల బదులు గుంటలు, గుంటకి 121 గజాలు. మిగతా కథంతా ఇదే.

సర్వేకి అర్జీ అయినా పెట్టమని ఎందుకంటున్నానంటే, బయటి హద్దు ఖాయమైతేనే లోపలి గీత గురించి మాట్లాడగలం. మీ సేవలో ఎఫ్-లైన్ అర్జీ పెడితే చుట్టుపక్కల వాళ్ళకి నోటీసులిచ్చి కొలుస్తారు. మీ ఊళ్ళో రీసర్వే పూర్తయి సర్వే చట్టం 13వ సెక్షన్ కింద నోటిఫికేషన్ వెలువడి ఉంటే ఆ తేదీ తప్పకుండా కనుక్కోండి. 1923 నాటి ఆ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, అందులో ఖాయం చేసిన హద్దు మీద సివిల్ కోర్టుకి వెళ్ళాలంటే మూడేళ్ళే గడువు.

ఇక కాగితాలు. మీ దస్తావేజు ఒక్కటే పట్టుకు కూర్చోవద్దు. లేఅవుట్ వేసిన ఆసామి మొదట రాసిన దస్తావేజు నుంచి లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే స్థలం చేతులు మారిన ప్రతి దస్తావేజూ, తీయించండి. పక్కాయన దస్తావేజు కూడా తీయించండి. "వాళ్ళు చూపించడం లేదు" అని రాశారు. వాళ్ళు చూపించనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే ఒకటో పుస్తకం ఎవరైనా చూడొచ్చు, రుసుము కట్టి నకలు తీసుకోవచ్చు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా) తీయించి, దస్తావేజు నంబరు, సంవత్సరం రాసి సీసీకి (ధ్రువీకరించిన నకలుకి) అర్జీ ఇస్తే సరి. పంచాయతీ నుంచి లేఅవుట్ ప్లాను నకలు అడగండి. అనుమతి ఉన్న లేఅవుట్ అయితే ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, ఉంటుంది, ప్లాను దొరుకుతుంది. లేకపోతే ఆ వరసలో మొదట కొన్నవాళ్ళ దస్తావేజులకి జతచేసిన ప్లాను వెతకాలి.

ఈ కాగితాల్లో ముందు చూడాల్సింది విస్తీర్ణం కాదు, నాలుగు హద్దులు. హద్దులకీ విస్తీర్ణానికీ పొంతన కుదరకపోతే మామూలుగా హద్దులకే విలువ అని మన కోర్టులు మొదటి నుంచీ చెబుతున్నాయి. మీ దక్షిణపు హద్దు "ఫలానా వారి స్థలం" అని ఉందా, "ఫలానా వారికీ మాకూ ఉమ్మడి కంచె" అని ఉందా? రెండోది గనక ఏ లింకు డాక్యుమెంటులోనైనా కనబడితే మీ తగువు సగం తీరినట్టే. మాస్టారు తరవాతెప్పుడైనా బ్యాంకులో తనఖా పెట్టినా, పిల్లల పేర రాసినా, ఆ షెడ్యూలులో హద్దు ఎలా చెప్పారో చూడండి. అవతలివాళ్ళే రాసుకున్న మాటకి ఉన్న బలం మన మాటకి ఉండదు.

విస్తీర్ణం అంకె చూసి ఆవేశపడవద్దని ఎందుకంటానంటే, ఒక చిన్న లెక్క చూడండి. 40×60 అంటే 2400 చదరపు అడుగులు, 266.66 గజాలు. దీన్నే చాలామంది లేఖరులు "ఐదున్నర సెంట్లు" అని గుండుగుత్తగా రాసేస్తారు. సెంటు 435.6 చదరపు అడుగులు, ఐదున్నర సెంట్లంటే 2395.8. తేడా నాలుగు చదరపు అడుగుల పైచిలుకు. అరవై అడుగుల పొడుగునా పరిస్తే అంగుళం కూడా రాదు. అడుగున్నర తేడా ఈ గుండుగుత్త వల్ల వచ్చింది కాదన్నమాట. దానికి కారణం వేరే చోట వెతకాలి, అది చాలావరకు ఆ వరసలోనే దొరుకుతుంది.

పాత లేఅవుట్లలో కాగితం మీద వరసకి పది ప్లాట్లు, ఒక్కోటి 40 అడుగులు, మొత్తం 400 అని గీస్తారు. నేల మీద చూస్తే ఆ చివర రోడ్డు నుంచి ఈ చివర కాలవ దాకా 397 అడుగులే ఉంటుంది. ఆ మూడడుగుల తరుగు ఎవరి నెత్తిన పడాలి? ముందు ఇల్లు కట్టినవాడు తన నలభై నిండుగా కొలుచుకుని గోడ పెడతాడు. రెండోవాడు ఆ గోడ నుంచి నలభై. ఇలా నెట్టుకుంటూ వచ్చి, చివర కట్టేవాడి మీద మొత్తం పడుతుంది. ఇప్పుడు పక్కాయన తెచ్చిన సర్వేయరు ఎక్కడి నుంచి టేపు మొదలుపెట్టారో అడగండి. రోడ్ల కూడలి దగ్గరున్న లేఅవుట్ రాయి నుంచా, తమ అవతలి పొరుగువాళ్ళ గోడ నుంచా? గోడ నుంచే అయితే, ఆయన అడుగున్నర పోయిందేమో గానీ మీ వైపుకే పోయిందనడానికి ఆధారం లేదు, అవతలి వైపు కూడా పోయి ఉండొచ్చు. నేను చూసిన కంచె తగువుల్లో చాలావాటికి మూలం ఇదే. పక్కపక్క రెండు ప్లాట్లే కొలిచి తీర్పు చెప్పేస్తారు. వరస మొత్తం ఈ చివర నుంచి ఆ చివరకి కొలవాలి. తరుగు తేలితే అందరికీ సమంగా పంచాలని పెద్దమనుషులు అంటారు గానీ, నిండుగా రిజిస్టరై ముందే గోడ కట్టుకున్నవాళ్ళు ఒప్పుకోరు. ఆ గొడవలోకి మీరు దిగనక్కర్లేదు. తరుగుందని తెలిస్తే చాలు, ఎదుటాయన గొంతు కాస్త తగ్గుతుంది.

మీరు గూగుల్ మ్యాపులో గీత గీసి పంపిన బొమ్మ చూశాను. దాన్ని ఎవరికీ చూపించకండి. ఫోను జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ పోతుంది, ఉపగ్రహ చిత్రం కూడా అసలు చోటు నుంచి జరిగి ఉండొచ్చు. అడుగున్నర తగువుకి అది పనికిరాదు, పైగా అవతలి వకీలుకి నవ్వుకోవడానికి ఒక కాగితం ఇచ్చినట్టవుతుంది. ఫలానా ఏడాదికే అక్కడ పచ్చటి కంచె ఉంది అని చూపించడానికి పాత చిత్రాలు పనికొస్తాయి, అంతవరకే.

నేల చెప్పే సాక్ష్యం చాలామంది చూడరు. మీ కంచె ముందు సగం ఇంకా ఉందన్నారు కదా, అక్కడ కూర్చుని మొదళ్ళు చూడండి. గోరింట కంచె ఉన్నచోట ఉండదు, ఏళ్ళ తరబడి కత్తిరించే వైపు నుంచి కత్తిరించని వైపుకి మెల్లగా ఒళ్ళు చేసుకుంటుంది. మీ నాన్నగారు ప్రతి సంక్రాంతికీ నున్నగా కత్తిరించి, మాస్టారి వైపు ఎవరూ పట్టించుకోకపోతే పచ్చదనమంతా అటు పడుతుంది. అటు నుంచి చూసేవాడికి కంచె తన స్థలంలోకి వచ్చినట్టే కనిపిస్తుంది. ఆకు ఎక్కడుందన్నది కాదు, మణికట్టంత లావున్న పాత మొదళ్ళు ఏ వరసలో ఉన్నాయన్నది చూడాలి. పీకేసిన వెనక భాగంలో కూడా జానెడు లోతు తవ్వితే తెగిన వేళ్ళు, పాత కర్ర గుంజలు కుళ్ళిన నల్లటి మట్టి గుంటలు కనబడతాయి. వర్షాలు పడి అవి కలిసిపోకముందే, వార్డు మెంబరో ఇంకెవరో పెద్దమనిషి ఎదురుగా, టేపు పక్కన పెట్టి ఫొటోలు తీయించండి. ఇది ఈ వారమే చెయ్యాల్సిన పని.

అలాగే కంచెలో వేపచెట్టు గానీ, టేకు గానీ ఉంటే దాని మాను చూడండి. పాత ముళ్ళతీగ దాని బెరడులోకి పోయి ఉంటుంది. ఒక కేసులో రెండు పక్షాలూ తీగ ఎప్పుడూ లేదని ప్రమాణాలు చేశాక, కమిషనరు గారు వేప మాను మీద చెయ్యి పెట్టి చూపించారు: తుప్పు పట్టిన ముల్లు కొస ఒకటి బెరడు లోంచి బయటికి ఉంది, తీగ అవతలి పక్క నుంచి దూరి ఇవతలికి వచ్చింది. ఆ తరవాత ఎవరూ మాట్లాడలేదు. సిమెంటు స్తంభాలుంటే పైన కొలవకండి. గోదావరి బంకమట్టిలో, నల్లరేగడిలో స్తంభం పదేళ్ళకి అరడుగు వాలుతుంది. భూమి దగ్గర మొదలు కొలవాలి.

కొలిచే రోజు టేపు రెండు కొసలూ రెండు ఇళ్ళవాళ్ళే పట్టుకోవాలి. సర్వేయరు మనిషి పట్టుకుంటే ఆ తరవాత "వాడు వదులుగా పట్టాడు" అనే మాట తప్పదు. ప్లాస్టిక్ టేపు వద్దు, లాగితే సాగుతుంది. ఉక్కు టేపు తెప్పించండి. మధ్యలో పొదలున్నాయని టేపుని వంపుగా పోనివ్వకండి, వేలాడనివ్వకండి. పక్కలు కొలిచి ఊరుకోకుండా మూల నుంచి మూలకి కర్ణం కొలవండి. సరైన 40×60 దీర్ఘచతురస్రానికి రెండు కర్ణాలూ 72 అడుగుల ఒకటింపావు అంగుళం దగ్గర్లో రావాలి. ఒకటి 71, ఇంకొకటి 73 వచ్చిందంటే మీ ప్లాటు మూలమట్టంలో లేదు, గుడ్డలా ఒక పక్కకి లాగినట్టుంది. అప్పుడు ముందు గీత సరిగానే ఉండి వెనక మాత్రమే తేడా కనబడుతుంది. ఆయన వెనక సగమే పీకించారని మీరు రాశారు కాబట్టి, నా అనుమానం ఇటే పోతోంది. కొలిచిన అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి, చేతిగీత బొమ్మ వేసి, అక్కడికక్కడే ఇద్దరూ సంతకం పెట్టండి. "అంకెలు ఒప్పుకుంటున్నాం, హక్కులు కాదు" అని ఒక ముక్క రాస్తే ఆయన కూడా భయపడకుండా సంతకం పెడతారు.

ఇప్పుడు పన్నెండేళ్ళ సంగతి. లిమిటేషన్ చట్టంలో 65వ ఆర్టికల్ పన్నెండేళ్ళనే మాట నిజమే. కానీ ప్రతికూల స్వాధీనం (ఇంకొకరి స్థలాన్ని పన్నెండేళ్ళు బాహాటంగా అనుభవించి హక్కు పొందడం) అని మీరు నోరు తెరిచిన మరుక్షణం "ఆ అడుగున్నర ఆయనదే, నేను ఆక్రమించుకున్నాను" అని ఒప్పుకున్నట్టవుతుంది. ఎప్పటి నుంచి, ఎలా, ఎదుటివాడికి తెలిసేలా, అతని హక్కుకి ఎదురుగా అనుభవిస్తున్నారో అంతా మీరే రుజువు చెయ్యాలి. మీరేమో ఇద్దరు పెద్దలూ కలిసి నాటుకున్నారని రాశారు. కలిసి నాటుకున్నదాంట్లో ఎదురు ఎక్కడుంది? మీ అసలు బలం వేరు: అది ఇద్దరూ ఒప్పుకున్న హద్దు, మూడు దశాబ్దాలకు పైగా రెండు ఇళ్ళూ దాన్నే హద్దుగా అనుభవించాయి. వకీలుతో ఈ దారిలోనే రాయించండి. పన్నెండేళ్ళ వాదన ఆఖరి మెట్టుగా ఉంచాలా వద్దా అన్నది ఆయన చూసుకుంటారు.

మీకు తెలియాల్సిన గడువు ఇంకొకటుంది, ఇది ఎక్కువమందికి తెలియదు. మీ ఒప్పుదల లేకుండా, చట్టప్రకారం కాకుండా మిమ్మల్ని స్వాధీనం నుంచి తప్పిస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం (1963) 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేయొచ్చు. అందులో స్థలం ఎవరిదన్న ప్రశ్నే రాదు, ముందు ఎవరి చేతిలో ఉంది, ఎలా పోయింది అన్నదే చూస్తారు. కంచె పీకిన తేదీ నుంచి ఆరు నెలలు లెక్కపెట్టుకోండి. ఆరు నెలలు కాగానే హక్కు పోదు, కానీ ఈ సులువైన దారి మూసుకుపోతుంది.

పోలీసు కేసు: ఫిర్యాదు ఇవ్వండి, రసీదు తీసుకోండి, ఆశ పెట్టుకోకండి. "సివిల్ మేటరు, కోర్టుకెళ్ళండి" అంటారు, అందులో తప్పు లేదు. తన్నులాటకి దారితీసేలా ఉంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 126, 164 సెక్షన్ల కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందు పెడతారు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ రోజుల్లో 107, 145 అనేవాళ్ళం. దానివల్ల హద్దు తేలదు. సర్కారు పాతించిన హద్దురాయిని పీకితే మాత్రం భారతీయ న్యాయ సంహితలో 326వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలుంది. కానీ మీది గోరింట కంచె, రాయి కాదు. ఫిర్యాదు వల్ల మీకొచ్చే అసలు లాభం, ఫలానా తేదీకి కంచె పీకారని రికార్డు ఏర్పడటం.

కోర్టుకే వెళ్ళాల్సి వస్తే, "నా జోలికి రావద్దు" అని ఒట్టి ఇంజంక్షన్ దావా వేసి ఊరుకోవద్దు. ఆయన మీ హక్కునే కాదంటున్నప్పుడు హక్కు ప్రకటించమని కూడా కోరాలని, తెలుగు నేల నుంచి వెళ్ళిన ఒక కేసులోనే 2008లో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. ఆ సంగతి పట్టించుకోకుండా ఏళ్ళ తరబడి నడిచి కొట్టేయించుకున్న దావాలు చూశాను. దావా పడ్డాక సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 26వ ఆర్డరు 9వ రూలు కింద కమిషనరుని వేయమని అడగొచ్చు. సర్వేయరుని వెంటబెట్టుకుని కమిషనరు వచ్చి కొలిచి, బొమ్మ గీసి రిపోర్టు ఇస్తారు. ఎవరి స్వాధీనంలో ఉందో విచారించి చెప్పడం ఆయన పని కాదు, నేల మీద ఏముందో రాయడమే. అవతలాయన మీకంటే ముందు కోర్టుకెళ్ళి, మీకు తెలియకుండా మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకుంటారన్న భయముంటే అదే కోడ్ 148-ఏ సెక్షన్ కింద కేవియట్ (మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దనే ముందస్తు అర్జీ) వేయించండి, తొంభై రోజులు పనిచేస్తుంది. ఖర్చు తక్కువ, రాత్రి నిద్రపడుతుంది.

ఇన్ని చెప్పాక కూడా నా సలహా దావా కాదు. రికార్డు చూడలేని అడుగున్నరని ఏ జడ్జిగారైనా సాక్షుల మాటల మీద, కమిషనరు బొమ్మ మీద ఊహించే తేలుస్తారు. ఆ పని మీరిద్దరూ కూర్చుని చేసుకోవచ్చు, చేసుకున్నదాన్ని చట్టం ముందు నిలబడేలా చెయ్యడానికి దారి ఉంది. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకునే ఒప్పందం అందుకు చాలదు. రేపు ఆయన అమ్మేసుకుంటే కొన్నవాడు "నాకు సంబంధం లేదు" అంటాడు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకో, మీ కోర్టులో ఉండే మండల న్యాయ సేవల కమిటీకో ఒక అర్జీ ఇవ్వండి. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ రాజీకొస్తే అక్కడిచ్చే అవార్డు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు.

అందులో ఒక్క జాగ్రత్త. "ఇరుపక్షాలూ సామరస్యంగా పరిష్కరించుకున్నారు" అని నాలుగు ముక్కలు రాసి ముగించనివ్వకండి. కొలతల బొమ్మ జతచేయించండి. కదలని గుర్తుల నుంచి కొలతలు ఉండాలి: రోడ్డు కల్వర్టు మూల నుంచి ఇన్ని అడుగులు, మీ ఇంటి నైరుతి మూల నుంచి ఇన్ని, వాళ్ళ బావి ఒర నుంచి ఇన్ని. ఉన్న గీతనే ఇద్దరూ ఒప్పుకుంటే ఇది సరిపోతుంది. అలాకాక ముందు అరడుగు మీరిచ్చి వెనక అడుగు ఆయనిచ్చి గీత సరిచేసుకుంటే, అది మార్పిడి కిందికొస్తుంది. అప్పుడు మార్పిడి దస్తావేజు రిజిస్టరు చేయించుకోవడమే మేలు. సవరణ దస్తావేజుతో సరిపెడదామని లేఖరులు అంటారు. అది రాతలో దొర్లిన పొరపాట్లకే, పైగా మీకు అమ్మినాయన కూడా వచ్చి సంతకం పెట్టాలి.

గోడ కట్టేటప్పుడు ఇంకో తగువు పుడుతుంది, దాన్ని ఇప్పుడే తుంచేయండి. తొమ్మిదంగుళాల గోడ అంటే పైకి కనబడేదే తొమ్మిది, కింద పునాది రెండడుగుల వెడల్పుంటుంది. గోడ హద్దు మీదకి కచ్చితంగా వచ్చినా పునాది అవతలి స్థలంలోకి పోతుంది, ఏడాది తరవాత కొబ్బరి మొక్క నాటడానికి తవ్వినప్పుడు బయటపడుతుంది. ఉమ్మడి గోడ అనుకుంటే గీతకి అటు సగం, ఇటు సగం, ఖర్చు సగం, ఎవరూ దానిమీద ఎత్తు పెంచకూడదు, దూలం మోపకూడదు అని రాసుకోండి. ఆయన ఒక్కరే కట్టుకుంటానంటే గోడా, పునాదీ, స్తంభాలూ మొత్తం ఆయన గీత లోపలే ఉండాలి. చూరు నీళ్ళు, గోడ పైన ఇచ్చే వాలు ఎటుండాలో కూడా రాయాలి. గోడకి అటు పూత వెయ్యాలంటే మీ పెరట్లోకి రావాలి కదా, ఎప్పుడు ఎలా రావచ్చో ఒక వాక్యం వేయండి.

చివరగా కొబ్బరిచెట్టు. దాని మొదలు ఎవరి నేలలో ఉంటే చెట్టు వాళ్ళది. మట్టలు, కొమ్మలు పక్కవాళ్ళ పెరట్లోకి వాలితే పక్కవాళ్ళు తమ వైపు వచ్చినంతవరకు కోసుకోవచ్చు, దానికోసం అవతలి స్థలంలోకి అడుగు పెట్టకూడదు. ముందు చెప్పి కొయ్యడం మర్యాద. రాలిన కాయ అటు పడినా చెట్టున్నవాళ్ళదే. కూలేలా ఉన్న చెట్టయితే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకి అర్జీ పెట్టి తీయించొచ్చు, నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్ అందుకే ఉంది. మీ చెట్టు మొదలు సరిగ్గా కంచె వరసలో ఉందంటున్నారు, అంటే రెండు ఇళ్ళదీ. గోడని అక్కడ ఆపి, చెట్టుకి అటూ ఇటూ మూడేసి అడుగులు జాలీ పెట్టించండి. మేస్త్రీ వేళ్ళు నరికేసి పునాది కలిపేస్తానంటాడు, ఒప్పుకోవద్దు. వేళ్ళు నరికిన కొబ్బరి గాలివానకి ఎవరో ఒకరి ఇంటి మీద పడుతుంది. దింపు కూలి ఎవరివ్వాలి, కాయలు ఎలా పంచుకోవాలి అన్నది కూడా ఆ అవార్డులోనే రాయించండి. లోక్ అదాలత్‌లో ఇలాంటివి రాయరేమో అనుకుంటారు, నిక్షేపంగా రాస్తారు.